గోదాట్లో యువరాజు

యానాంలో ఫ్రెంచి దొరల కాలంలో చిట్టెయ్య, బంగారయ్య, నూకన్న అని ముగ్గురు అన్నదమ్ములుండేవారు. పట్టేవి నాలుగు చేపలే అయినా, తెలివి మాత్రం ఊరంతటికీ సరిపడా తమ ఇంట్లోనే ఉందని పెద్దవాడు చిట్టెయ్యకి గట్టి నమ్మకం. పాపం, ఆ నమ్మకం ఆ ఇల్లు దాటి బయటికి రాలేదు.

ఓ రోజు రేవులో, దొరగారి మాటలు తెలుగులో చెప్పే దుబాసీ కబుర్లు చెబుతూ, "ఫ్రాన్సు రాజుగారి పెద్దకొడుకుని దోఫాన్ అంటారు. వాళ్ళ భాషలో దోఫానంటే డాల్ఫిన్. రేపు సింహాసనం ఎక్కేది ఆయనే. అలాంటివాడు మన ఊరొస్తే నెత్తిన పెట్టుకోవాలి, కంటికి రెప్పలా కాచుకోవాలి" అన్నాడు.

అంతే. మర్నాడు వీళ్ళ వలలో డాల్ఫిన్ పడింది. చిట్టెయ్య వల వదిలేసి దణ్ణం పెట్టాడు.

"ఒరేయ్, యువరాజుగారురా! ఒంటి మీద నూలుపోగైనా లేకుండా వచ్చేశారు!"

"మరి ఓడేదన్నయ్యా?" అన్నాడు నూకన్న.

"మునిగిపోయుంటుంది. ఈదుకుంటూ వచ్చారు, మహానుభావుడు!"

ఇంకేముంది, బంగారయ్య తన తలపాగా విప్పి దానికి చుట్టాడు. ముగ్గురూ నెత్తిన పెట్టుకుని ఇంటికి మోసుకొచ్చారు. మంచం మీద పడుకోబెట్టి, ఒళ్ళు తుడిచి, జలుబు చేస్తుందని పక్కన కుంపటి పెట్టారు. తర్వాత దాని మొహం మీదికి వంగి ముగ్గురూ టపటపా రెప్పలు కొట్టడం మొదలెట్టారు.

చిట్టెయ్య పెళ్ళాం సూరమ్మ బజారు నుంచి వచ్చి నోరెళ్ళబెట్టింది.

"కంటికి రెప్పలా కాస్తున్నామే. నువ్వూ రా, కొట్టు" అన్నాడు చిట్టెయ్య.

"మీ తెలివి తగలెయ్య! నీళ్ళలో వదలకపోతే చస్తుందయ్యా అది!"

చిట్టెయ్య ఎగిరి లేచాడు. రాజుగారి బిడ్డ తన మంచం మీద పోతే ఇంకేమైనా ఉందా! పరుగున మోసుకెళ్ళి గోదాట్లో వదిలారు. అది తోకతో నీళ్ళు కొట్టి మాయమైంది.

సంగతి విని దుబాసీ తల బాదుకున్నాడు. "అది ఉత్త బిరుదురా! యువరాజు మనలాంటి మనిషే. కాళ్ళూ చేతులూ ఉంటాయి."

"ఓహో, కాళ్ళూ చేతులూ ఉన్న డాల్ఫిన్నా! అలా చెప్పరేం?" అన్నాడు చిట్టెయ్య.

కొన్నాళ్ళకి దొరగారి కొడుకు ఓడ దిగాడు. పట్టుకోటు, పొడుగు టోపీ. దుబాసీ వంగి వంగి దణ్ణాలు పెడుతూ, "దొరగారి వారసులు! మా పాలిట దోఫాన్ తమరే!" అన్నాడు. కుర్రదొర మన ఎండకి తట్టుకోలేక చెమటలు కక్కుతూ రొప్పుతున్నాడు.

"ఒరేయ్, నీళ్ళు లేక పోతున్నారురా!" అని తమ్ముళ్ళతో చేపల బుట్ట పట్టుకుని రేవులో నిలబడ్డ చిట్టెయ్య కేకేశాడు.

అంతే, ముగ్గురూ ఆయన్ని అమాంతం ఎత్తి గోదాట్లో పారేశారు. మెడలోతు నీళ్ళలో కుర్రదొర గొంతు చించుకుంటున్నాడు. బంట్రోతులు కర్రలు పట్టుకుని ఉరికొస్తున్నారు. చిట్టెయ్య మాత్రం మీసం దువ్వుకుంటున్నాడు.

"అన్నయ్యా, అంతలా నోరు తెరిచారేం?" అన్నాడు నూకన్న.

"ఆకలిరా వెధవా!" అని చిట్టెయ్య బుట్టలోంచి పచ్చి చేపొకటి తీసి, గురిచూసి ఆ నోట్లోకి విసిరాడు.