ఓబన్న పీకేసిన పదకొండు గూళ్ళు

ఎద్దులతో కపిల తోలి నీళ్ళు తోడే రోజులు పోయాక ఊరి బయట బావిని పట్టించుకున్నవాడు లేడు. బావి గట్టున ఒక తుమ్మచెట్టు సగం నేల మీదికీ సగం నీళ్ళ మీదికీ ఒరిగి ఉండేది. ఆ చెట్టు గిజిగాళ్ళది. పట్టా ఎవరూ రాసివ్వలేదు గానీ తాతల నాటి నుంచీ వాళ్ళదే.

గిజిగాళ్ళలో ఇల్లు అల్లేది మగవాడు. సగం అల్లి, దానికి తలకిందులుగా వేలాడి, రెక్కలు కొట్టుకుంటూ ఆడపిట్టల్ని పిలుస్తాడు. ఆడపిట్ట వస్తుంది, ఒక్కొక్క పోచా ముక్కుతో లాగి చూస్తుంది, నచ్చకపోతే "నాకొద్దు" అని లేచిపోతుంది. మొహమాటానికైనా బాగుందని అనదు. అప్పుడు వాడు ఆ సగం గూటిని అలాగే వదిలి పక్క రెమ్మకి ఇంకొకటి మొదలుపెట్టాలి. వద్దన్న గూటిని పీకకూడదు. గాలికి రాలిపోతే రాలాలి, లేకపోతే వేలాడుతూ ఉండాలి. అది వాళ్ళ ఆచారం. ఎందుకలాగ అని అడిగితే పెద్దవాళ్ళు, "మా నాయన పీకలేదు, నేనూ పీకలేదు" అనేవాళ్ళు. అంతకు మించి ఆలోచించే తీరిక వాళ్ళకి లేదు.

వాళ్ళలో ఓబన్న అనేవాడు పదకొండు గూళ్ళు అల్లి పదకొండు సార్లు వద్దనిపించుకున్నాడు. మొదటిది ఎండుగడ్డితో అల్లాడు, వంచినచోటల్లా విరిగింది. పచ్చిగడ్డి కావాలని అలా తెలిసింది. రెండోదాని మూతి నైరుతికి పెట్టాడు, మొదటి వానకే లోపల చెరువైంది. వాన ఏ దిక్కునుంచి కొడుతుందో అలా తెలిసింది. అయిదోదానికి కొమ్మ దగ్గర ఒక్క మెలికే వేశాడు, బరువుకి జారుతూ వచ్చింది. ఎనిమిదోది తేలికై గాలికి గిరగిరా తిరిగింది. గూటి గోడకి తడిమట్టి అద్దితే నిలకడగా ఉంటుందని దానివల్లే తెలిసింది. పదకొండోదాన్ని చూడడానికి సుంకమ్మ అనే ఆడపిట్ట వచ్చింది. చాలాసేపు లోపల కూర్చుంది.

"అంతా బాగుండాది," అంది సుంకమ్మ బయటికొచ్చి. "గుడ్లు పెట్టే తావు పల్లంగా లేదు. దొర్లిపోతాయి."

"సరిచేస్తాలే."

"సరిచేస్తే అతుకు అతుకే. ఇంకొకటి అల్లు. మళ్ళా వస్తా."

ఓబన్న పన్నెండోది అల్లాడు. సుంకమ్మ వచ్చి, లాగి చూసి, లోపలికి పోయి, ఇక బయటికి రాలేదు. చెట్టంతా కిచకిచలాడింది. కొన్నాళ్ళకి మూడు గుడ్లు, ఆ తర్వాత మూడు పిల్లలు.

ఆ బావి గట్టు రాళ్ళ సందులో ఒక జెర్రిపోతు పాము ఉండేది. దాని కన్ను ఆ మూడు పిల్లల మీద పడింది. కానీ ఏ గూట్లో ఉన్నాయో తెలియదు. సుంకమ్మ తెలివైనది. మేత తెచ్చినప్పుడు తిన్నగా ఇంటికి వచ్చేది కాదు. ముందు రెండో గూట్లో దూరేది, తర్వాత ఏడో గూట్లో, తర్వాత ఇంకెందులోనో, చూసేవాడికి తల తిరిగాక అసలు గూట్లోకి జారుకునేది. జెర్రిపోతు రెండుసార్లు ముళ్ళకొమ్మ పట్టుకుని పాకి ఖాళీ గూట్లో తల దూర్చింది. రెండుసార్లూ సన్నరెమ్మ వంగి, పట్టు తప్పి బావిలో పడింది. మూడోసారి అది చెట్టెక్కలేదు. గట్టు రాయి మీద ఎండకి పడుకుని, మంచిమాట మొదలుపెట్టింది.

"అల్లుడా, ఆ చివర వేలాడేది నువ్వల్లిందేనా?"

పాముతో మాటలేమిటని మీరంటారు. దూరంగా ఉండి పొగుడుతుంటే పాము కూడా పెద్దమనిషిలాగే కనపడుతుంది లెండి.

"నాదే మామా. ఎందుకు?" అన్నాడు ఓబన్న.

"కండ్లలో నీళ్ళు తిరిగినాయప్పా. ఇంత పనితనం నేను పుట్టినాక చూళ్ళేదు. ఆ మెలిక చూడు, ఆ మూతి చూడు. అద్దం మాదిరుండాది. ఊఁ... పోనీలే."

"పోనీలే అంటాండావే, ఏంది మామా?"

"చెప్తే బాధపడతావు."

"పడన్లే, చెప్పు."

"ఆ పక్కన పదకొండు వేలాడతాండాయే, అవి ఎవురివి? చేతగానోడు ఎవుడో అల్లినట్టుండాయి."

ఓబన్న రెక్కలు ముడుచుకున్నాడు. "అవి... అవి కూడా నావే."

"నీవా!" జెర్రిపోతు నోరు తెరిచి మూసింది. "నమ్మలేకపోతాండా. దోవన పొయ్యేటోళ్ళు ముందు ఏవి చూస్తారు చెప్పు? ఆ వంకర గూళ్ళనే కదా. పదకొండు చెడగొట్టినోడు అంటారా, ఒకటి బ్రహ్మాండంగా అల్లినోడు అంటారా? నాకెందుకులే. నీ చెట్టు, నీ పరువు."

అంతే. రాళ్ళ సందులోకి పోయి పడుకుంది.

ఆ రోజు నుంచి ఓబన్నకి తిండి సయించలేదు. ఇంతకాలం కనపడని వంకరలన్నీ ఇప్పుడు కనపడడం మొదలెట్టాయి. ఎవరైనా పిట్ట అటు చూసి నవ్వితే తన మొదటి గూటిని చూసే నవ్విందనుకునేవాడు. ఒకరోజు సుంకమ్మతో అన్నాడు, "ఆ పాతవన్నీ పీకేస్తా."

"ఎందుకయ్యా? నిన్నేం అడుగుతాండాయి అవి?"

"చూసేటోళ్ళు నవ్వుతాండారు."

"నవ్వనీ. అవి ఉంటే నాకు ధైర్యం. ముట్టుకోవద్దు."

చెట్టు కింద మైలోడనే ముసలి ఎద్దు పడుకుని నెమరేస్తుండేది. ఒకప్పుడు ఆ బావి మీద కపిల లాగిన ఎద్దే. అది మెల్లగా తలెత్తింది.

"ఓబన్నా, ఆ జెర్రిపోతు నీతో మాట్లాడేది ఎందుకో ఆలోచించినావా? వాడు రెండుసార్లు నీ ఖాళీ గూళ్ళలో దూరి నీళ్ళలో పడింది నేను చూసినా."

"మామ నా పని మెచ్చుకున్నాడని నీకు కడుపుమంట."

"నాకెందుకప్పా కడుపుమంట? నా పొట్టకి గడ్డి చాలు." మైలోడు కాసేపు నమిలి మళ్ళీ అన్నాడు, "నేను కపిల నేర్చుకునే ఏడు, తోలుసంచిలో సగం నీళ్ళు దోవలోనే ఒలకబోసినా. మా రైతు కొట్టలేదు. ఒలికిన తావునంతా గరిక మొలిచింది. నువ్వు గూటికి తెచ్చుకునే పచ్చిగడ్డి ఆ తావుదే."

"నీది ఎద్దు పని. నాది పనితనం. రెండూ ఒకటెట్లయితాయి?"

మైలోడు మళ్ళీ నెమరేసుకోసాగాడు. ఎద్దులకి వాదించడం రాదు, అదే వాటితో వచ్చిన చిక్కు.

మర్నాడు సుంకమ్మ మిడతల కోసం చేనులోకి పోయింది. ఓబన్న పని మొదలుపెట్టాడు. మొదటి గూడు రెండు లాగులకే ఊడింది. రెండోదానికి కాస్త బలం పెట్టాడు. నాలుగు, అయిదు, ఆరు. ఒక్కొక్కటీ నీళ్ళలో పడి తేలుతుంటే గుండెలమీద బరువు దిగినట్టే ఉంది. పదకొండోదాని దగ్గర ఒక్క క్షణం ఆగాడు. సుంకమ్మ మొదటిసారి కూర్చున్నది అందులోనే. అయినా పీకాడు. ఇప్పుడు ఆ కొమ్మకి ఒక్కటే గూడు, చివరన, నున్నగా, చక్కగా. ఎంత బాగుందో చూసుకుని ఓబన్న పొంగిపోయాడు.

సుంకమ్మ ముక్కున మిడతతో వచ్చింది. అలవాటుగా రెండో గూటివైపు తిరిగింది. అక్కడ గూడు లేదు. ఏడోదానివైపు తిరిగింది. అదీ లేదు. చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి, మిడతని కొమ్మ మీద పెట్టింది.

"ఏమయ్యా, నా ఇండ్లు ఏవి?"

"నీ ఇల్లు అదిగో. చూడు, ఎంత బాగా కనపడతాందో!"

"అదే కదయ్యా," అంది సుంకమ్మ. "అందరికీ కనపడతాంది."

ఓబన్నకి అప్పుడు కూడా అర్థం కాలేదు. కింద గట్టు రాయి మీద జెర్రిపోతు తల ఎత్తి ఉంది. గూట్లో పిల్లలు ఆకలికి అరుస్తున్నాయి.

"తిన్నగా పోతే వాడు చూస్తాడు. పోకపోతే పిల్లోళ్ళు అరుస్తాండారు. నేనేం చేయాల, నువ్వే చెప్పు."

సుంకమ్మ మిడతని ఎత్తుకుని తిన్నగా పోయింది. తల్లి కదా, ఎంతసేపు ఆగుతుంది?

మర్నాడు పొద్దు నడినెత్తికొచ్చే వేళ ఇద్దరూ మేతకి పోయినప్పుడు జెర్రిపోతు చెట్టెక్కింది. ఈసారి తోకని లావు కొమ్మకి బిగించుకుంది, ఎక్కడా తడబడలేదు, ఏ గూట్లోనూ వెతకలేదు. మిగతా గిజిగాళ్ళు గోలగోలగా అరిచాయి, దాని తల మీద పొడిచాయి, లాభం లేకపోయింది. ఆ అరుపులు విని ఓబన్న, సుంకమ్మ రివ్వున వచ్చేసరికి అది నెమ్మదిగా కొమ్మ దిగుతోంది. దాని ఒంట్లో మూడు చోట్ల ఉబ్బెత్తుగా ఉంది.

"కోపం తెచ్చుకోవద్దు అల్లుడా," అంది ఆగి. "నేను అబద్ధం చెప్పలేదు. నీ పనితనం నిజంగానే గొప్పది. నేను దూరినా ఒక్క పోచ తెగలేదు."

అది నిజం. గూడు ఎక్కడా చెదరలేదు. గాలికి మెల్లగా, నిలకడగా ఊగుతోంది. సుంకమ్మ దాని మూతి దగ్గర వేలాడి లోపలికి చూస్తూ పొద్దుకుంకేదాకా అలాగే ఉండిపోయింది. ఓబన్నని ఒక్క మాట అనలేదు. అని ఉంటే వాడికి కాస్త తేలికయ్యేది.

వానలు పోవడానికి ఇంకా నెల ఉంది. నాలుగు రోజుల తర్వాత సుంకమ్మే వచ్చి అంది, "ఇంకొకటి అల్లు. ఆ గూట్లోకి నేను పోలేను."

ఓబన్న పచ్చిగడ్డి తెచ్చాడు. మొదటి మెలిక వేశాడు, కొంచెం పక్కకి పోయింది. విప్పాడు. మళ్ళీ వేశాడు, ముడి లావైంది. విప్పాడు. ఎదురుగా ఆ నున్నని గూడు వేలాడుతూ ఉంది. దానికి తగ్గట్టు లేకపోతే వాడి కంటికి ఆనదు. పొద్దున అల్లిందంతా సాయంత్రానికి విప్పేసేవాడు. వారం గడిచినా కొమ్మకి ఒక పోచ మిగల్లేదు. ఎండుగడ్డితోనైనా ఒక గూడంతా అల్లిన ఆ పాత ఓబన్న ఏమయ్యాడో వాడికే తెలియలేదు.

"వంకరగానే అల్లయ్యా," అంది సుంకమ్మ. "నేనొచ్చి చూసి బాగాలేదంటా. మళ్ళా అల్లుదువు. అప్పుడు చేసింది అట్లే కదా."

"వంకర గూడు మళ్ళా కొమ్మకి వేలాడితే నేను చూళ్ళేనే. సిగ్గయితాంది."

"నీకు వంకర గూడు చూసేకి సిగ్గు. నాకు ఆ నున్నని గూడు చూసేకి భయం. ఎట్ల కలిసుండేది మనం?"

ఓబన్న తల దించుకుని ఉన్న ముడిని విప్పడం మొదలుపెట్టాడు. సుంకమ్మ ఇంకో పది రోజులు చూసింది. గడ్డి ముదిరి పసుపెక్కింది. చివరి వాన కురిసి వెళ్ళిపోయింది. ఆ మర్నాడు సుంకమ్మ వాడి పక్కన వచ్చి కూర్చుంది.

"నిన్ను బాగా తిట్టి పోవాలనుకుంటి," అంది. "తిట్టేకి కూడా నోరు రాలేదు. పోతాండా."

పోయింది. ఏ చెట్టుకి పోయిందో ఎవరూ చెప్పలేదు, వాడూ అడగలేదు. బావి గట్టున ఎండాకాలమంతా ఓబన్న ఒక్కడే.

మళ్ళీ వానలొచ్చాయి. ఓబన్న మొదటి గూడు అల్లాడు. ఒక పక్కకి ఒరిగింది. ముక్కు దాని ముడి మీదికి పోయింది, విప్పడానికి. వంకరగానే అల్లయ్యా అని సుంకమ్మ అన్న మాట గుర్తొచ్చింది. తర్వాత ముక్కు వెనక్కి తీసుకున్నాడు. ఒక ఆడపిట్ట వచ్చి, లాగి చూసి, నాకొద్దు అని లేచిపోయింది. ఓబన్న ఆ గూటిని పీకలేదు. దాని పక్కన కూర్చుని పోయినేడు ఏడవాల్సిన ఏడుపంతా ఏడ్చాడు.

"ఏం తప్పయిందో చూసినావా?" అని కింద నుంచి మైలోడు అడిగాడు.

"చూసినా. ఎడమ పక్క పోచలు పలచన."

"అయితే పో. గడ్డి తెచ్చుకో."

ఆ ఏడు వానలు పోయేసరికి కొమ్మకి నాలుగు వంకర గూళ్ళు వేలాడుతున్నాయి. నాలుగింటినీ ఆడపిట్టలు వద్దన్నాయి. ఇల్లాలు లేదు, పిల్లలు లేరు. నాలుగో గూడు మూడోదానికన్నా కొంచెం నయం, అంతే.

కథన్నాక నీతి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను: తన చేతి తప్పుల్ని సిగ్గుపడి పారేసేవాడు, ఆ తప్పులు నేర్పిన పనినీ, అవి కాపాడుతున్న మనుషుల్నీ కూడా వాటితోపాటే పారేస్తాడు.