పట్టు లేని బొమ్మ

కనకగిరి రాజుగారికి రాజ్యంలోని మేటి జెట్టిల శిల్పాలతో ఒక మండపం కట్టించాలని బుద్ధి పుట్టింది. సైన్యాన్ని నడిపే దళవాయి రణభీమనాయడు వెంటనే తన అల్లుడి పేరు ముందుకు తోశాడు. అల్లుడు నలభై కుస్తీలు పట్టాడు, ఒక్కటీ ఓడలేదు.

"చూసింది చూసినట్టు చెక్కు. లోపం కనబడితే చేతులు నరికిస్తాను," అని దళవాయి శిల్పి పోలాచారికి చెప్పాడు.

పోలాచారి గోదా పక్కన కూర్చుని మూడు కుస్తీలు శ్రద్ధగా చూశాడు. రెండు నెలల్లో శిల్పం సిద్ధమైంది.

రాజుగారు ముసుగు తీయించాడు. ఒకడు మీసం మెలేస్తూ నిలబడి ఉన్నాడు. మూడడుగుల దూరంలో ఇంకొకడు వెల్లకిలా పడి ఉన్నాడు.

"పట్టేదిరా?" అని దళవాయి గర్జించాడు.

"నేను చూడలేదు బాబూ. మూడు కుస్తీల్లోనూ అల్లుడుగారు చెయ్యి వెయ్యకముందే అవతలివాడు పడిపోయాడు. తమరంటే వాళ్ళకున్న భయాన్ని రాతిలో చెక్కడం నాకు చేతకాలేదు."

రాజుగారు దళవాయి వంక చూశాడు. దళవాయి నేలవంక చూశాడు.

"అయితే వీళ్ళిద్దరిలో మండపానికి తగినవాడెవడు?" అన్నాడు రాజుగారు.

"పడ్డవాడే ప్రభూ. ఎవరూ తాకకుండా అంత నమ్మకంగా పడాలంటే ఎంత సాధన కావాలి!"

రాజుగారు పడ్డవాణ్ణి మాత్రమే మండపంలో పెట్టించి, కింద వాడి పేరు చెక్కమన్నాడు. పోలాచారి ఉలి పట్టుకుని వెళ్ళేసరికి, ఆ పడింది నేనంటే నేనంటూ జెట్టిలు మండపం ముందు తోసుకుంటున్నారు. ఆ రాజ్యంలో నిజమైన కుస్తీ జరగడం అదే మొదలు.