గంజి వదిలిన గుడ్డ

కామాక్షమ్మగారిని ఎవరైనా పెద్ద ప్రశ్న అడిగితే ఆవిడ ముందు ఇంటి సంగతి అడుగుతారు. ఆత్మ గురించి అడిగినవాణ్ణి మీ ఆవిడ మోకాలినొప్పి ఎలా ఉందంటారు. కొత్తవాళ్లు మాట మార్చేశారనుకుంటారు. విజయనగరంలో ఆవిడ ఇంటి వసారాలో ప్రతి బుధవారం వేదాంతం వినే పాతవాళ్లకి మాత్రం జవాబు అక్కడే మొదలైందని తెలుసు.

వైదేహి అక్కడ పాత శిష్యురాలే. పదకొండేళ్లుగా వస్తోంది. ఆడపిల్లల కాలేజీలో ఎకనామిక్స్ చెబుతుంది. నేతచీరలకి ఆమె పెట్టే గంజి ఊళ్లో పేరుపడ్డది. ఆమె గేటు తీస్తుండగానే చీర గరగర వసారాలోకి వినపడుతుంది. కాలేజీలో పిల్లలు ఆమెను గంజి మేడమ్ అంటారు. ఆ సంగతి ఆమెకి తెలుసు. అదొక బిరుదనే అనుకుంటుంది.

ఆ బుధవారం పాఠం అయ్యాక అందరూ లేచినా ఆమె లేవలేదు.

"అమ్మా, ఒక్క మాట. పదకొండేళ్లు విన్నాను. ఏ శ్లోకం అడిగినా అర్థంతో సహా అప్పజెబుతాను. కానీ లోపలికి ఇంకడం లేదు. ఇంకా ఏం చదవమంటారు?"

"మనవరాలు ఎలా ఉంది?" అన్నారు కామాక్షమ్మగారు.

ఆ ఒక్కటీ అడగకపోతే బాగుండునని వైదేహి అనుకుంటూనే ఉంది. కూతురు శరణ్య పురిటికి వచ్చి మూడు నెలలు కావస్తోంది. డైపర్ల ప్యాకెట్లు మానిపించి, గుడ్డ న్యాపీలే వాడాలని పట్టుబట్టింది వైదేహే. బజారంతా తిరిగి, లోపల ప్లాస్టిక్ ఉన్నవి కాదని, బొమ్మలు అచ్చువేసినవి కాదని, దళసరి తెల్ల నూలువి రెండు డజన్లు ఏరి తెచ్చింది. తన చేత్తోనే ఉతికింది. పది రోజులైంది. కట్టిన ప్రతి గుడ్డా పక్కలనుంచి కారిపోతోంది. ఉయ్యాల తడి, పక్క తడి, ఎత్తుకున్నవాళ్ల ఒళ్లు తడి. పాప తొడల సందున ఎర్రగా ఒరిసిపోయింది.

"ఆదివారం మమ్మల్ని తీసుకెళ్లడానికి మా అత్తయ్య వస్తున్నారు," అంది శరణ్య ఆ పొద్దున్నే. "ఈలోగా ఇది తగ్గకపోతే మళ్లీ ప్యాకెట్టు తెప్పిస్తాను. అంతే కాదమ్మా, ఇక పిల్ల విషయంలో నిన్నేమీ అడగను. నువ్వు కాలేజీ పిల్లలకి చెప్పుకో."

ఆ చివరి మాట తగలాల్సిన చోటే తగిలింది.

అంతా విని కామాక్షమ్మగారు, "రేపు ఒక ఉచ్చగుడ్డ పట్రా," అన్నారు.

"న్యాపీ అమ్మా."

"అదే. ఉతికింది పట్రా."

మర్నాడు తెచ్చింది. నాలుగు మడతలు, కత్తిలాంటి ఇస్త్రీ అంచులు, కళ్లు చెదిరే తెలుపు. పీటమీద పెడితే పలకలా బిగుసుకుని ఉంది. కామాక్షమ్మగారు పూజగదిలోంచి ఉద్ధరిణితో నీళ్లు తెచ్చి, గుడ్డని ఒళ్లోకి తీసుకుని నడిమధ్యన పోశారు. నీళ్లు ఇంకలేదు. గుండ్రంగా కూడుకుని, అటూ ఇటూ ఊగి, అంచుమీదుగా జారి ఆవిడ ఒళ్లో పడ్డాయి.

వైదేహి ముఖం వెలిగిపోయింది. "తామరాకు మీద నీటిబొట్టు! అమ్మా, దీనికి శ్లోకం..."

"శ్లోకం తర్వాత. నా చీర తడిసింది. దీనికేం పెట్టావు?"

"గంజి. పలచగానే అమ్మా. చివర్లో రెండు చుక్కలు నీలిమందు. మా ఇంట్లో నూలుబట్ట గంజి లేకుండా దండెం ఎక్కదు."

"పిల్ల ఎక్కడికి వెళ్తోంది, కాలేజీకా?"

వైదేహి గుడ్డ తీసి, ఇస్త్రీ అంచు వేలితో తడిమింది.

"కొత్తగుడ్డకి మగ్గం దగ్గర పట్టిన గంజి ఒకటి. దానిమీద నీ గంజి ఒకటి," అన్నారు కామాక్షమ్మగారు. "వేడినీళ్లలో నానబెట్టి ఉతుకు. ఎండెయ్యి. మళ్లీ ఉతుకు. సబ్బు తక్కువ, జాడింపు ఎక్కువ. పోసిన నీళ్లు పోసినట్టే తాగేదాకా వదలకు. ఇస్త్రీ జోలికి పోకు. ఈలోగా ఇంట్లో నలిగిన పాత పంచెలుంటే చింపి పిల్లకి కట్టు. తడిసినప్పుడల్లా మార్చు. కాసేపు ఏమీ కట్టకుండా గాలికి వదులు."

"మరి నా ప్రశ్న?"

"ముందు గుడ్డల పని కానీ."

వైదేహి కాలేజీకి సెలవు పెట్టింది. మొదటిసారి పిండితే నీళ్లు కుడితిలా వచ్చాయి. రెండోసారీ అంతే. నాలుగోసారికి తేటపడ్డాయి. పొయ్యిమీంచి వేడినీళ్లు దిగితే కదా, గంజి కాచే గిన్నె మూడు రోజులూ బోర్లించే ఉంది. శనివారానికి గుడ్డలు మెత్తబడి, ముడతలు పడి, దండెం మీద వేలాడాయి. ఆ అవతారంలో వాటిని వీధిలోవాళ్లు చూస్తారని వైదేహి పెరట్లోకి మార్చింది. తరవాత తలుపు దగ్గరగా వేసి, ఒకదానిమీద చెంచాడు నీళ్లు పోసింది. చెంచా ఎత్తేలోపు నీళ్లు లేవు. గ్లాసు తెచ్చి మళ్లీ పోసింది. అవీ లేవు.

ఆదివారం వియ్యపురాలు విశాలాక్షిగారు ఉప్పాడ పట్టుచీరలో దిగారు. పాప తొడల మీద ఎరుపు వెతికితే తప్ప కనిపించడం లేదు. ఆవిడ మురిసిపోయి పిల్లని ఒళ్లో వేసుకున్నాక గమనించారు.

"ఉట్టి గుడ్డా? వదినగారూ, నా చీర ఇవాళే మడత విప్పానండీ!"

"మీరు నిశ్చింతగా కూర్చోండి వదినగారూ," అంది వైదేహి. రెండు కలిపి మందంగా కట్టింది తనే అయినా, చూపు మాత్రం ఆ పట్టుచీర మీదే ఉంది.

పది నిమిషాలకి పాప ఆడటం ఆపి, గోడకేసి గంభీరంగా చూసింది. ఆ చూపుకి అర్థం అక్కడున్న ముగ్గురు ఆడవాళ్లకీ తెలుసు. ఎవరూ కదల్లేదు. విశాలాక్షిగారు పిల్లని ఎత్తి, ఒళ్లు తడుముకున్నారు. మళ్లీ తడుముకున్నారు.

"పొడిగా ఉందే! పోసిందా, లేదా?"

శరణ్య గుడ్డ విప్పి ఆవిడ చేతిలో పెట్టింది. "బరువు చూడండి అత్తయ్యా!"

"అమ్మో! ఎక్కడ కొన్నారు వదినగారూ?"

"కొనడానికేముందండీ. ఉతకడంలో ఉంది," అంది వైదేహి, పదకొండేళ్లుగా తెలిసినట్టు.

శరణ్య నవ్వు ఆపుకోలేకపోయింది. "అమ్మా, రెండు డజన్లూ నా పెట్టెలో పెట్టెయ్. ఎలా ఉతకాలో కాగితం మీద రాసివ్వు."

"నన్నేమీ అడగనన్నావుగా?"

"అడుగుతున్నానుగా! రాయవే తల్లీ!"

తరవాతి బుధవారం వైదేహి అందరికన్నా ముందే వెళ్లింది. గుమ్మంవైపు వీపు తిప్పి పుస్తకాలు సర్దుకుంటున్న కామాక్షమ్మగారు, వెనక్కి తిరిగి ఉలిక్కిపడ్డారు. వైదేహి నిలబడే అంతా చెప్పింది. గోడకేసి చూసిన చూపు, పట్టుచీర, ఎదురింటి కోడలు కూడా వచ్చి పద్ధతి రాసుకెళ్లడం, ఏదీ వదల్లేదు. చెప్పీ చెప్పీ ఆయాసపడి, అప్పుడు గుర్తొచ్చి అడిగింది.

"మరి అమ్మా, ఇంకేం చదవమంటారు?"

కామాక్షమ్మగారు ఆమె పమిట చెంగు రెండు వేళ్లతో పట్టి చూసి వదిలారు.

"ఇవాళ నువ్వొచ్చిన చప్పుడే వినపడలేదు," అన్నారు. "కూర్చో."