ముక్తేశ్వరరావు పేరున్న స్టీలు డబ్బాలు

కాకినాడలో ఒక అపార్ట్‌మెంటులో ముక్తేశ్వరరావు అనే ఆయన ఉండేవాడు. ఇరుగుపొరుగు పేర్లు తెలుసుకోవడమంటే ఆయనకు చెడ్డ చిరాకు. అందరినీ ఫ్లాటు నంబర్లతోనే గుర్తుపెట్టుకునేవాడు. "ఆ మూడొందల రెండు కుక్కర్ తెగ కూస్తోంది" అని భార్య సువర్ణ దగ్గర విసుక్కునేవాడు.

ఇంతలో లాక్‌డౌన్ వచ్చిపడింది. పుట్టింటికి వెళ్ళిన సువర్ణ అక్కడే చిక్కుకుపోయింది. ఆఫీసేమో ఇంట్లోకి వచ్చేసింది. పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చుని, మీటింగుల్లో గోడలు అదిరేలా అరిచేవాడు. ఒకరోజు జ్వరం పట్టుకుంది. పరీక్ష చేస్తే కరోనా అని తేలింది. లేచి గంజి కాచుకునే ఓపిక కూడా లేదు. ఇలాగే పోతానేమోనని భయం వేసింది.

మధ్యాహ్నం కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే ఎవరూ లేరు. గుమ్మం దగ్గర ఒక స్టీలు డబ్బా, అందులో వేడివేడి చారన్నం. మూత మీద 'ముక్తేశ్వరరావు' అని చెక్కి ఉంది!

తన ఇంటి డబ్బా బయటికెలా పోయింది? వంటింట్లో వెతికితే అలాంటిది ఒక్కటీ లేదు. పోనీ దొంగతనం అనుకుందామంటే, దొంగ అన్నం వండి తెచ్చి పెడతాడా? జ్వరం తలకెక్కిందేమోనని కళ్ళు నులుముకుని చూశాడు. పేరు తనదే. ఆకలి ఆగక తినేశాడు.

రోజూ డబ్బా వచ్చేది. ఒకరోజు పప్పులో వెల్లుల్లి ఘాటు, మర్నాడు అసలు వెల్లుల్లి ఊసే లేదు. ఒకనాడు చపాతీలు. ఈ వండే మనిషెవరో గానీ నిలకడ లేదనుకున్నాడు. ఎటూ తోచక సువర్ణకు ఫోన్ చేసి అడిగాడు.

"ఆ డబ్బాలా? గృహప్రవేశం నాడు మీ పేరు కొట్టించి ఇంటింటికీ నేనే ఇచ్చానండీ. మీరు ఆ పూట కూడా గదిలో తలుపేసుకుని కూర్చున్నారుగా!"

"మరి నాకు జ్వరమని వాళ్ళకు నువ్వే చెప్పావా?"

"జ్వరమా? నాకే చెప్పలేదు కదండీ మీరు!" అంది సువర్ణ.

ఆయన అయోమయం ఇంకా పెరిగింది.

కోలుకున్నాక డబ్బాలన్నీ తోమాడు. ఖాళీగా తిరిగివ్వకూడదని ఒక్కోదాంట్లో కాస్త పంచదార పోసి వరండాలోకి తెచ్చాడు. కానీ ఏది ఎవరిది? అన్నీ ఒకేలా ఉన్నాయి, అన్నిటి మీదా తన పేరే. డబ్బాల చప్పుడుకు ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. అందరి ముఖాలకూ మాస్కులు. అవి లేకపోయినా తను ఎవరినీ పోల్చుకోలేడు. సిగ్గుతో తల వంచుకున్నాడు.

"నాకు ఒంట్లో బాగోలేదని మీకెలా తెలిసిందండీ?" అన్నాడు.

ఎదురింటి పెద్దావిడ నవ్వింది. "రోజంతా అరిచే గొంతు ఉన్నట్టుండి ఆగిపోయింది నాయనా. మాకు కంగారుగా ఉండదూ?"

"ఇందులో మీ డబ్బా ఏది?"

"ఏదైతేనేం, ఇటివ్వు. అన్నీ నీ పేరున్నవేగా."

డబ్బా అందిస్తుంటే ఆయనకు కళ్ళు చెమర్చాయి. "మీ పేరేమిటి పిన్నిగారూ?" అని అడిగాడు. ఆ అపార్ట్‌మెంటులో ఆయన అడిగిన మొదటి పేరు అదే.

"వరహాలమ్మ" అందావిడ. ఆయన రెండో తలుపు వైపు తిరిగాడు.

ఇరుగుపొరుగును పలకరించడానికి ఆపద వచ్చేదాకా ఆగకూడదు.