పీట కింది దారం

సూరాంబ గారిని ప్రశ్న అడిగినవాళ్లకు జవాబు దొరకదు, పని దొరుకుతుంది. నరసాపురం దగ్గర ఆ ఊళ్లో సగంమంది ఆడవాళ్లకు లేసు అల్లిక నేర్పింది ఆవిడే. బడి ముఖం చూడని మనిషే అయినా అందరూ పంతులమ్మ గారనే పిలుస్తారు.

ఆ రోజు దేవకృప వచ్చింది నేర్చుకోవడానికి కాదు, ఆవిడిచ్చిన సూదిని ఆవిడకే ఇచ్చేయడానికి. శిష్యురాళ్లందరిలోకీ అందెవేసిన చెయ్యి దేవకృపది. అలాంటి చేతివేళ్లు కొన్నాళ్లుగా తిమ్మిరెక్కి సూదిని జారవిడుస్తున్నాయి. మెడ వెనక మొదలైన పోటు నడినెత్తి మీదుగా పాకి, వచ్చి కుడికంటి మీద కూర్చుంటోంది. నుదుటికి బామ్ రాసింది. కళ్లజోడు కొంది. అత్తగారు దిష్టి తీస్తానంటే ఆ ముచ్చటా తీర్చింది. ఆఖరికి పట్నం వెళ్తే, డాక్టరు తలను వదిలేసి మెడ పట్టుకున్నాడు.

"మెడలో నరం నలుగుతోందంటాడు పంతులమ్మ గారూ! తలపోటూ, వేళ్ల తిమ్మిరీ అన్నీ దానివల్లేనట. పేరు గొప్ప ఊరు దిబ్బ! నొప్పి ఇక్కడుంటే అక్కడ వెతుకుతాడేంటండీ? తలనొప్పికి మెడేం చేసింది పాపం?" అంటూ సూది చాపింది.

సూరాంబ గారు పుచ్చుకోలేదు. "ఇచ్చేద్దువుగానిలే, తొందరేం? ముందు ఈ పువ్వు పూర్తి చెయ్యి" అని సగం అల్లిన లేసు పువ్వొకటి ఆమె ఒళ్లో పడేశారు. తెల్లదారం మాసిపోకుండా దారపుండను చెంబులో పెట్టడం ఆ ఇంటి అలవాటు. ఆ చెంబును పీట మీద కూర్చున్న దేవకృప వెనకాల పెట్టి, దారాన్ని పీట కిందుగా ముందుకు లాగి ఇచ్చి, తాను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చున్నారు.

దేవకృప పనిలోకి వంగింది. తల ఎంత ఒళ్లోకి వాలితే అంత పనిమంతురాలని ఆ ఊళ్లో లెక్క. తలొంచిన ఆడదాన్ని మెచ్చుకోవడం లోకానికి కొత్త కాదు, ఆ మెప్పు కోసం మెడలు అరగదీసుకోవడం మనకూ కొత్త కాదు. సూరాంబ గారు మాత్రం ఒళ్లో దిండు పెట్టుకుని, పనినే కళ్లదాకా తెచ్చుకుని, నిటారుగా కూర్చుని అల్లుతారు. అందుకే ఆవిడకు పొగరుబోతని పేరు.

నాలుగు కుట్లు పడ్డాయో లేదో, పువ్వు రేక బిగుసుకుపోయి ఎండాకులా ముడుచుకుంది. దేవకృప విప్పింది. మళ్లీ అల్లింది. మళ్లీ ముడుచుకుంది. సూదిని తిట్టింది, దారాన్ని తిట్టింది, చివరికి తన చేతినే తిట్టుకుంది.

"చూశారా! ఈ వేళ్లు చచ్చిపోయాయండీ. ఇక నన్నెవరు పనికి పిలుస్తారు?"

"వేళ్ల మీద నేరం మోపేశావా అప్పుడే?" అన్నారు సూరాంబ గారు, ఈనె తీస్తూనే.

దేవకృప కళ్లొత్తుకోవడానికి నడుం ఎత్తి కూర్చుంది. చేతిలో దారం వదులైంది. తిరిగి వంగింది, బిగిసింది. లేచింది, వదులైంది. ఏడుపు సంగతే మరిచిపోయింది. చంటిపిల్ల ఆడుకున్నట్టు వంగుతూ లేస్తూ దారాన్నే చూసింది. దాని మీద వేలు పెట్టి, పువ్వు దగ్గర్నుంచి మోకాలి పక్కగా పీట కిందిదాకా పోనిచ్చింది. పాతపీట, కుదురు లేనిది. తాను ముందుకు వంగిన ప్రతిసారీ పీట ముందుకాలు దారం మీద దిగుతోంది. నొక్కుతున్నది తన బరువే.

దేవకృప చెయ్యి దానంతటదే మెడ వెనక్కి వెళ్లింది. పోటు అలాగే ఉంది, కథల్లోలాగా ఎగిరిపోలేదు. కానీ ఇన్నాళ్లూ కంటి మీద కూర్చున్నదాన్నే తిడుతూ వచ్చింది, అదెక్కడ బయల్దేరిందో ఒక్కసారీ అడగలేదు.

"ముందే చెప్పకూడదూ పంతులమ్మ గారూ? పువ్వును ఉత్తపుణ్యానికి విప్పి విప్పి చంపాను."

"డాక్టరు ముందే చెప్పాడుగా. విన్నావా?"

దేవకృప పీట జరిపి దారం విడిపించింది. నెమ్మదిగా అంది. "రోజూ మెడకు చేసుకోమని ఏవో కసరత్తులు చూపించాడండీ. నవ్వుకుంటూ వచ్చేశాను." తర్వాత చేతిలోకి చూసుకుంది. "మరి ఈ సూది?"

సూరాంబ గారు చిక్కుడుకాయల చేట పక్కన పెట్టి లేచారు.

"సూది ఉంచుకో. ఆ తలే, ఒళ్లోంచి తీసి దాని చోట్లో పెట్టు."