జంకులమ్మ కొండకు పాపిటదారి ఎలా వచ్చింది

ఉదయం ఆరు గంటలు. రాత్రి కురిసిన వాన వెలిసింది. కొండ నడుముకు ఇంకా మంచు చుట్టుకుని ఉంది, గాలి లేదు. మొదటి బస్సు దిగిన భక్తులు చెప్పులు విప్పి గుండురాయి దగ్గర చేరుతున్నారు. ఆ రాయి పక్కన పీట వేసుకుని కూర్చునే గుడి పెద్దమ్మ, వచ్చిన ప్రతి గుంపునూ ఒకే మాట అడుగుతుంది.

"మీలో ఎక్కువ జంకేదెవరు?"

మొదట అందరూ నవ్వుతారు. మగవాళ్ళు ఆడవాళ్ళను చూపిస్తారు, ఆడవాళ్ళు మగవాళ్ళను చూపిస్తారు. బుర్రమీసాల మనిషి ఒకడు తల వంచుకుని ముందుకు రావడం కూడా కద్దు. ఈ ఉదయం ముందుకు వచ్చింది మాత్రం ఒక తల్లి. వెంట పదకొండు మంది, అందులో పరుగులు తీసే పిల్లలు నలుగురు. ఆమె కొండవైపు తల ఎత్తడం లేదు. పెద్దమ్మ ఆమె చేతికి పసుపుదారం కట్టి, కొంగున పదకొండు చింతగింజలు పోసి, "నువ్వు ముందు నడువు తల్లీ. తక్కినవాళ్ళు నీ వెనక" అంది. ఈ కొండ మీద ధైర్యవంతులు ముందు నడవరాదు. అది ఇక్కడి కట్టుబాటు.

పైన ఉన్న అమ్మవారు కూడా మనవైపు చూస్తూ ఉండదు. బండకు ముఖం ఆనించి, రెండు చేతులూ చాచి రాతిని పట్టుకుని నిలబడి ఉంటుంది. మనకు కనిపించేది వీపు, నడుము దాకా దిగిన జడ. పూలు ఆ జడలోనే తురుముతారు, హారతి ఆ వీపుకే ఇస్తారు. ముఖం చూసినవారు లేరు. కొత్తగా వచ్చినవారు, అమ్మకు కోపం వచ్చి అటు తిరిగిందేమో అనుకుంటారు. కోపం కాదు. దాని వెనక ఉన్న కథ ఇది.

పూర్వం ఇక్కడ గుడి లేదు. కొండకు ఇవతల తంగేడుపల్లె, అవతల రాచగుంట. రెండూళ్ళ నడుమ మొగిలివాగు ఒడ్డున బండిబాట ఉండేది. గొర్రెలు కాచేవారికి తప్ప ఎవరికీ కొండ ఎక్కే అవసరం ఉండేది కాదు.

తంగేడుపల్లెలో ఓబుళమ్మ అనే ఇల్లాలు ఉండేది. నలభై దాటిన మనిషి, మాట పొదుపు. ఆమెకు ఎత్తు అంటే జంకు. అటక మీది ఊరగాయ జాడీ దించాలన్నా పొరుగింటివాళ్ళను పిలిచేది. మిద్దె మీద వడియాలు పెట్టాలంటే కూతురిని పంపి, తాను వాకిట్లో నిలబడి "అంచుకు పోవద్దు, అంచుకు పోవద్దు" అంటూ ఉండేది. ఊరు నవ్వేది. ఆమె కూడా నవ్వేది. నిచ్చెన మీద కాలు మాత్రం పెట్టేది కాదు.

ఆమె కూతురు చెంగమ్మకు రాచగుంటలో సంబంధం కుదిరింది. నాటి ఆచారం ప్రకారం పెండ్లి మగపెళ్ళివారి ఇంట, ముహూర్తం గోధూళి వేళకు. పెళ్ళికూతురి తండ్రి సామాను బండ్లు తోలుకుని ముందురోజే వెళ్ళిపోయాడు. పెళ్ళికూతురిని తీసుకుపోవడానికి పెళ్ళికొడుకు మేనమామ తిప్పన్న, ముగ్గురు పడుచువాళ్ళతో వచ్చి ఉన్నాడు. ఆ రాత్రి ఎగువన పెద్దవాన పడింది. తెల్లవారి చూస్తే బండిబాట లేదు, అంతా వాగే.

"ఈ ముహూర్తం తప్పితే మూడేళ్ళ దాకా లగ్నం లేదన్నాడు అయ్యవారు" అన్నాడు తిప్పన్న. "కొండ మీదుగా పోదాం. పొద్దు వాలేలోగా అవతల ఉంటాం."

అందరూ ఓబుళమ్మ వైపు చూశారు.

"మీరు పోండి" అంది ఆమె.

"కన్యాదానంలో ధార పోసే తల్లి లేకుండా పెండ్లి ఎట్లా చేస్తాం వదినా? కావాలంటే నిన్ను గంపలో పెట్టి మోస్తాం. మేకపిల్లలను మోసినాం, నిన్ను మొయ్యలేమా?"

చెంగమ్మ మాత్రం నవ్వలేదు. "నువ్వు రాకుంటే నేనూ పోను" అని గడప మీద కూర్చుంది.

ఇక తప్పలేదు. బయలుదేరే ముందు ఓబుళమ్మ వాకిట్లో నిలబడి, ఒక్కొక్కరి ముఖం చూస్తూ ఒక్కొక్క చింతగింజ కొంగున వేసుకుంది. పద్దెనిమిది మందికి పద్దెనిమిది గింజలు. కొంగు ముడి వేసి బొడ్లో దోపుకుంది. తనకని గింజ వేసుకోలేదు. సగం దారిలోనే తాను కూలబడతానని, తక్కినవాళ్ళు చేరితే చాలునని ఆమె లోపల అనుకుంది.

కొండ నడుము దాకా గొర్రెలబాట ఉంది కాబట్టి చిక్కు రాలేదు. అక్కడ చదునులో దారి ఆగింది. దారి చూపడానికి ఊరినుంచే వెంట వచ్చిన ముసలి గొర్రెలకాపరి లక్కన్న కర్ర ఎత్తి చూపించాడు.

"ఇక్కడినుంచి రెండు దార్లమ్మా. ఎదురుగా ఉండేది నిచ్చెనబండ. పాతకాలం వాళ్ళు కాలివేళ్ళు పట్టేంత గుంటలు తొలిచిపెట్టినారు. నిట్టనిలువే గానీ, సంగటి ముద్ద మింగి చెయ్యి కడుక్కునేలోగా పైన ఉంటాం. ఎడమకు పోయేది అంచుదారి. మంచమంత వెడల్పు, నడక సుఖం. కాకుంటే ఒక పక్క కొండ ఉంటుంది, ఇంకో పక్క ఏమీ ఉండదు."

"ఏమీ ఉండదంటే?"

"ఏమీ ఉండదమ్మా. గద్దలుంటాయి."

ఓబుళమ్మ నిచ్చెనబండను తల ఎత్తి చూసింది. వెంటనే కళ్ళు దించుకుంది. అంచుదారి మీద నాలుగు అడుగులు వేసింది. పక్కన లోయ, లోయ అడుగున తమ ఊరి ఇళ్ళు ఆరబోసిన వడియాలంత ఉన్నాయి. ఆమె అక్కడే చతికిలబడి, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే వెనక్కి జరిగి వచ్చింది. పడుచువాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు.

"మూడో దారి లేదా లక్కన్నా?"

"నాకు తెలిసి లేదు. గొర్రెలకు తెలుసేమో."

తిప్పన్నకు ఓర్పు అయిపోయింది. "నువ్వు వెతుక్కుంటూ రా వదినా. మేం బండెక్కి ముందు పోయి, నీకు విస్తరి దాచిపెట్టమని చెబుతాం." పెళ్ళిచీర మూట నెత్తిన పెట్టుకుని తన ముగ్గురితో కదిలాడు. ఓబుళమ్మ కొడుకు ఎర్రోబులు ఇరవయ్యేళ్ళవాడు. కాబోయే చుట్టాల ముందు తల్లి నవ్వులపాలు కావడం వాడికి తలవంపుగా ఉంది. వాడూ వాళ్ళ వెంట నడిచాడు.

"ఎర్రోబులా, ఎక్కేముందు దిగగలవా చూసుకో" అంది తల్లి.

"దిగడానికి పోతున్నామా అమ్మా?" అన్నాడు, వెనక్కి తిరగకుండానే.

వాళ్ళు బండ మలుపు తిరిగారో లేదో జల్లు మొదలైంది. ఇక్కడ మిగిలినవాళ్ళు చూరులా వాలిన ఒక రాతి కింద తలదాచుకున్నారు. లోయ కనపడకుండా ఓబుళమ్మ రాతికి ముఖం ఆనించి కూర్చుంది. కొడుకు బండ మీద ఉన్నాడు, కూతురి ముహూర్తం దగ్గర పడుతూ ఉంది, తన కాళ్ళు కదలడం లేదు. ఆ దిగులులోనే రెప్పపాటు కునుకు పట్టింది. కునుకులో ఒక స్త్రీ కనిపించింది. ఆమె వీపే కనిపించింది. తడిసిన జడ, రాతికి ఆనించిన ముఖం.

"తల్లీ, నా జంకు తీసెయ్యి" అని వేడుకుంది ఓబుళమ్మ.

"తీసేస్తాను" అంది ఆ తల్లి. "మరి వీళ్ళకు దారి ఎవరు వెతుకుతారు?"

ఓబుళమ్మ వెనక్కి తిరిగి తనవాళ్ళను చూసింది.

"నాకూ జంకే. ఇక్కడికి వచ్చినప్పటినుంచి నేనూ కిందికి చూడలేదు. నా పాపిట వెంబడి రా."

మెలకువ వచ్చింది. ఎదుట బలుసుపొద కిందినుంచి వాననీళ్ళు సన్నటి ధారగా దిగుతున్నాయి. ఓబుళమ్మ లేచి పొదను పక్కకు వంచింది. వెనక రెండు బండల మధ్య మనిషి పట్టేంత సందు. దువ్విన తలలో పాపిటలాగా అది తిన్నగా పైకి పోయింది. లోపలికి తల పెట్టి చూసింది. ఈ పక్క రాయి, ఆ పక్క రాయి, పైన వేలెడంత ఆకాశం. లోయ ఎక్కడా లేదు. ఈసారి ఆమె వెనక్కి జరగలేదు.

"చెంగమ్మా, రా. అందరూ రండి" అంది.

ఆమె ఎక్కిన తీరు వేరు. ఒక మెట్టంత రాయి ఎక్కుతుంది, వెంటనే దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. దిగడానికి కాలు అందితేనే తరవాతి రాయి. వెనక ఉన్న ముసలి మేనత్త ఒకావిడ ఉండబట్టలేక, "ఈ లెక్కన పెండ్లికి కాదు, చెంగమ్మ సీమంతానికి అందుకుంటాం" అంది. సందంతా నవ్వులు. అంతలో ఓబుళమ్మ రెండోసారి కాలు మోపిన ఒక గుండు కదిలింది. "గోడకు ఒదగండి" అంది ఆమె. గుండు వాళ్ళ పక్కగా దొర్లి, కింద ఎక్కడో పగిలిన చప్పుడు వచ్చింది. ఆ పైన ఎవరూ నవ్వలేదు. మేనత్త కూడా ఎక్కి, దిగి, ఎక్కింది.

సందు దాటి పైకి వచ్చేసరికి జల్లు ఆగింది, చుట్టూ మంచు. ఆ మంచులో కుడిచేతి వైపు నుంచి, కింది నుంచి, ఒక గొంతు వినిపించింది.

"అమ్మా."

ఎర్రోబులు గొంతు. నిచ్చెనబండ మీద గుంటలన్నీ నీళ్ళు నిండి, నాచు తేలి, పాదం నిలవడం లేదు. తిప్పన్న పైన, అతని కింద ముగ్గురు, అందరికంటే కింద ఎర్రోబులు, బల్లుల్లా బండకు అతుక్కుని ఉన్నారు. పైకి పోలేరు. దిగుదామంటే కింది గుంట కంటికి కనపడదు. అంచు నుంచి తిప్పన్న దాకా రెండు నిలువులు ఉంటుంది.

ఆడవాళ్ళు మూటలు విప్పారు. ఏడు చీరలు ముడి వేసి, తిప్పన్న దగ్గర మొదలుకొని ఎర్రోబులు దాకా అందేంత తాడు చేశారు. అంచు దగ్గర నిలువెత్తున నిలబడిన ఒక రాతి నడుముకు కొస బిగించి, రెండో కొస వదిలారు. కానీ అంచు దగ్గర ఉండి చెప్పే మనిషి కావాలి. లక్కన్నకు చూపు ఆనదు. ఓబుళమ్మ బోర్లా పడుకుంది. చెంగమ్మ ఒక కాలు, మేనత్త ఒక కాలు పట్టుకున్నారు. ఆమె పాకుతూ అంచుకు పోయి, చెంప రాతికి ఆనించి, కళ్ళు రాతి మీదే ఉంచి, చెయ్యి మాత్రం కిందికి చాచింది.

"బావా, కిందికి చూడొద్దు. నీ ముక్కు ముందర ఏముందో చెప్పు."

"బండ."

"బండ ఉందని నాకూ తెలుసు. దాని మీద?"

"చీమ పోతా ఉంది."

"ఎటు?"

"పైకి."

"మూట వదిలి, చీర పట్టుకుని, దాని వెంబడి రా."

పెళ్ళిచీర మూట మంచులోకి పోయింది. కాసేపటికి చల్లటి చెయ్యి ఒకటి ఆమె చేతికి తగిలింది. "ఒకటి" అంది ఓబుళమ్మ. తిప్పన్న పైకి వచ్చి, చీర పట్టుకుని లాగడానికి నిలబడ్డాడు. "రెండు. మూడు. నాలుగు." ఆమె ఒక్కసారి కూడా కళ్ళు రాతి మీదినుంచి తిప్పలేదు.

"అమ్మా, నాకు కాలు కనపడ్డం లేదు" అన్నాడు ఎర్రోబులు.

"నాకూ ఏమీ కనపడ్డం లేదు నాయనా. చీర అందిందా?"

"అందింది."

"అయితే రా."

వాడి వేళ్ళు తగిలాయి. ఆ వేళ్ళు ఆమెకు పుట్టినప్పటినుంచి తెలిసినవి. ఈసారి ఆమె అంకె మరిచి, ఆ చేతిని రెండు చేతులా పట్టుకుంది.

చీరలు విప్పుదామని వెళ్ళిన చెంగమ్మ ఆ రాతి దగ్గర ఆగిపోయింది. మంచు విడిచింది. చీర చుట్టిన చోట నడుము ఉంది. నడుము మీద జడ, జడ పైన తల, తల మధ్య పాపిట. రెండు చేతులు చాచి, కొండకు ముఖం ఆనించి నిలబడిన స్త్రీ. ఓబుళమ్మ చూసి, "ఈమే" అని చేతులు జోడించింది. కొప్పులోని పూలు తీసి రాతి జడలో పెట్టింది. అమ్మవారికి అదే తొలిపూజ, ముడులు వేసిన ఆ ఏడు చీరలే తొలిసారె. అందులో ఒకటి మాత్రం విప్పి తెచ్చుకున్నారు, పెళ్ళికూతురికి కట్టాలి కదా.

అవతలి వాలు సులువు. రాచగుంట పొలిమేరలోకి వచ్చేసరికి గొడ్లు ఇళ్ళకు మళ్ళుతున్నాయి, దుమ్ములో పొద్దు ఎర్రగా ఉంది, మేళం వినిపిస్తూ ఉంది. పెళ్ళికూతురి తండ్రి ఎదురు పరుగెత్తి వచ్చాడు. ఓబుళమ్మ ఎవరినీ పొలిమేర దాటనివ్వలేదు. కొంగు ముడి విప్పి, దాటే ప్రతి మనిషికీ ఒక గింజ నేల మీద పెట్టింది. చెంగమ్మ. ఎర్రోబులు. మేనత్త. లక్కన్న. పద్దెనిమిది మంది దాటారు, కొంగు ఖాళీ అయింది. ఆమె అలాగే నిలబడింది.

"ఇంకెవరికోసం చూస్తావు వదినా?" అన్నాడు తిప్పన్న.

"ఎవరూ లేరు. లెక్క సరిపోయింది."

తిప్పన్న నేల మీది గింజలు లెక్కపెట్టాడు. పక్కనున్న చింతచెట్టు కిందికి పోయి, వంగి వెతికి, ఒక గింజ తెచ్చి ఆమె అరచేతిలో పెట్టాడు. "ఇది నీది. దాటు వదినా, ముహూర్తం పోతుంది."

నాటినుంచి ఈ కొండకు జంకులమ్మ కొండ అని, ఆ సందుకు పాపిటదారి అని పేరు. ఈనాటికీ భక్తులు మొదటి మూడు రాళ్ళు ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కుతారు. పెండ్లి కుదిరినవారు రెండు చీరలు ముడివేసి అమ్మకు సమర్పిస్తారు. దూరం పోయిన బిడ్డల క్షేమం కోరే తల్లులు జడలో పూలు తురుముతారు. జంకు పోవాలని మొక్కేవారు కూడా ఉన్నారు. జంకు పోదు కానీ, దారి దొరుకుతుందని చెబుతారు. ముందు నడిచినవారు తమ గింజ తాము వేసుకోకూడదు. దిగి వచ్చాక వెనక నడిచినవారిలో ఒకరు వెతికి తెచ్చి ఇవ్వాలి.

సాయంత్రం ఐదున్నర. ఎండ కాచింది, కొండ ఆరింది. పొద్దున ముందు నడిచిన ఆ తల్లి గుండురాయి దగ్గర కొంగు ముడి విప్పింది. పరుగులు తీసే పిల్లలను నిలబెట్టి, ఒక్కొక్కరి తల తాకుతూ గింజలు పెట్టింది. పదకొండు. మళ్ళీ మొదటినుంచి పెట్టింది. పదకొండే. చిన్నపిల్ల ఒకతె మట్టిలో దొరికిన గింజ తెచ్చి ఆమె అరచేతిలో వేసింది.

"పన్నెండు" అంది తల్లి.