చంక కింది కుట్టు

తాను కుట్టిన మొదటి తోలు జాకెట్ మీద ఏడాది పొడవునా ఒక్క గీత కూడా పడనివ్వలేదు జిలానీ. ఆ సంగతి ఉస్తాద్‌కు ఎప్పుడెప్పుడు చెబుదామా అని రంజాన్ పండగ కోసం రోజులు లెక్కపెట్టుకున్నాడు.

ఉస్తాద్ అంటే మదనపల్లెలో తోలు కోట్లు కుట్టే హుసేన్ పీరా సాహెబ్. డెబ్బై ఏళ్ళవాడు. పగలంతా సూదీ దారం పట్టుకునేవాడు. గురువారం సాయంత్రాలు మాత్రం పని ఆపి, వచ్చిన నలుగురినీ చాప మీద కూర్చోబెట్టుకుని దేవుడి మాట మాట్లాడేవాడు. మాట్లాడేవాడు అనడం కాస్త ఎక్కువే. చాలాసేపు కళ్ళు మూసుకుని ఊరుకునేవాడు, వచ్చినవాళ్ళూ ఊరుకునేవాళ్ళు. అయినా మళ్ళీ గురువారానికి అందరూ వచ్చేవాళ్ళు.

ఆయన దగ్గర ఒక ఆచారం ఉంది. ఏడేళ్ళు పని నేర్చుకున్న శిష్యుడు తన కొలతకు తానే ఒక జాకెట్ కోసి కుట్టుకోవాలి. ఏడాది తిరిగాక పండగ పొద్దున తెచ్చి చూపించాలి. నచ్చితే ఉస్తాద్ ఒక ఆరె చేతిలో పెడతాడు. తోలుకు బెజ్జం వేసే ఆ పనిముట్టు చేతికొచ్చిందంటే, ఇక సొంతంగా ఎవరికైనా కుట్టి ఇవ్వొచ్చు. నచ్చకపోతే ఇంకో ఏడాది బల్ల దగ్గరే. ఈలోగా ఆ జాకెట్‌ను ఏం చేయాలో మాత్రం ఆయన ఎవరికీ చెప్పడు.

జిలానీ తనకు తోచింది చేశాడు. బెల్లం రంగు మేకతోలు జాకెట్‌ను పాలిథిన్ కవర్లో పెట్టి, నాఫ్తలీన్ ఉండలు వేసి, ట్రంకు పెట్టెలో తాళం బిగించాడు. వానాకాలంలో ఒకరోజు తీసి చూస్తే కాలర్ మీద తెల్లగా బూజు. ప్రాణం పోయినంత పనైంది. తుడిచాడు, కంగారులో కొబ్బరినూనె రాశాడు, భుజం మీద నల్లటి మరక లేచింది. ఆ మరక పోగొట్టడానికి వారం రోజులు తేనెమైనం పట్టించి పాతగుడ్డతో రుద్దాడు. ఆ వారం అతనికి అన్నం సయించలేదు.

"తొడుక్కునేది లేదు, నన్ను ముట్టనిచ్చేది లేదు. ఎందుకు రా ఇది?" అంది వాళ్ళమ్మ.

ఆవిడ అంటే పడ్డాడు గానీ, సుభాన్ అంటే పడలేదు. సుభాన్ అదే బల్ల దగ్గర పనిచేసే పొడుగాటి మనిషి. రెండేళ్ళ కిందట ఆరె అందుకున్నవాడు. "నీ జాకెట్ బాగుండాది జిలానీ. బొమ్మకు తొడిగి అద్దాల బీరువాలో పెట్టుకో" అన్నాడు ఒకరోజు నవ్వుతూ. అంతే. ఆ రోజు నుంచి ఐదు నెలలుగా జిలానీ అతనితో మాట్లాడలేదు. సుభాన్ మోకాలి పక్కనున్న కత్తెర కావలసి వచ్చినా, గది అవతల కూర్చున్న ఉస్తాద్‌ను అడిగేవాడు. ఉస్తాద్ లేచి వచ్చి, కత్తెర తీసి ఇచ్చి, వెళ్ళి కూర్చునేవాడు.

ఆ ఏడు రంజాన్ గడ్డకట్టే చలిలో వచ్చింది. పండగ పొద్దున పొగమంచులో, కవరుతో సహా జాకెట్‌ను రెండు చేతుల మీద మోసుకుని ఉస్తాద్ ఇంటికి వెళ్ళాడు జిలానీ.

ఉస్తాద్ అప్పటికే స్నానం చేసి, అత్తరు పూసుకుని, తన పాత నల్ల జాకెట్ తొడుక్కుని కూర్చున్నాడు. చలికాలం మొదలైతే ఆయన ఒంటి మీద అది తప్ప ఇంకొకటి కనబడదు. వాడీ వాడీ అది తోలన్న సంగతి మరిచిపోయింది.

ఉస్తాద్ కొత్త జాకెట్‌ను ఒళ్ళో పెట్టుకుని కుట్ల మీద బొటనవేలు నడిపాడు. కాలర్ చూశాడు, జేబులు చూశాడు, లోపలి అస్తరు తిరగేసి చూశాడు. చివరికి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఎన్ని దినాలు తొడుక్కున్నావు?"

"ఒక్క దినం గూడా లేదు ఉస్తాద్" అన్నాడు జిలానీ. గొంతులో గర్వం దాగలేదు. "దుమ్ము గూడా పడనీలేదు."

ఉస్తాద్ తల ఊపాడు. బాగుందని ఊపాడో, లేదని ఊపాడో జిలానీకి అర్థం కాలేదు.

"తొడుక్కో" అన్నాడు ఉస్తాద్. "నమాజ్ అయినాక ఈద్గా గేటు కాడ నిలబడు. ఒక్కరిని గూడా కౌగిలించుకోకుండా బయటికి పంపొద్దు."

"అందరినీనా?"

"అందరినీ."

"అయితే మొదట మీతోనే" అని చేతులు చాచబోయాడు జిలానీ. ఉస్తాద్ అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"నాది చివర."

జిలానీకి మనసు చివుక్కుమంది. ఎనిమిదేళ్ళుగా పండగ రోజు మొదటి కౌగిలి ఆయనదే. నమాజ్ జరుగుతున్నంతసేపూ ఆ అడ్డం పెట్టిన చెయ్యే కళ్ళ ముందు ఆడింది. ఆరె ఈ ఏడాది రాదని ఖాయం చేసేసుకున్నాడు.

నమాజ్ అయింది. జనం గేటు వైపు కదిలారు. మొట్టమొదట కసాయి గనీ వచ్చాడు. జిలానీ చేతులెత్తాడు, జాకెట్ కిర్రుమంది. పండగ ఆనవాయితీ ప్రకారం అటు ఒకసారి, ఇటు ఒకసారి, మళ్ళీ అటు, మూడుసార్లూ కిర్రుమంది.

"ఏంరా జిలానీ" అన్నాడు గనీ వెనక్కి జరిగి, "తలుపును కౌగిలించుకున్నట్టుండాది."

వెనకున్నవాళ్ళు నవ్వారు. జిలానీ మూతి ముడుచుకున్నాడు. కానీ మూతి ముడుచుకుని ఎంతసేపు నిలబడగలడు, తర్వాతి మనిషి అప్పటికే చేతులు చాచి ఉన్నాడు. ఆ తర్వాత ఇంకొకడు. ఒకడి గడ్డానికున్న అత్తరు కాలర్‌కు అంటింది. ఒకాయన చంకలో ఉన్న పాప సేమియా పాయసం తిన్న చేత్తో భుజం మీద అచ్చు వేసింది, సరిగ్గా మైనం పట్టించిన చోటే. జేబురుమాలు తీద్దామనుకున్నాడు. చెయ్యి ఖాళీగా ఉంటే కదా.

దస్తగిరి తాత అయితే చలికి కొంకర్లు పోయిన చేతులు రెండూ జాకెట్ లోపలికి దూర్చి, జిలానీ వీపుకు ఆనించి, "వెచ్చగుండాది నాయనా" అని కదలకుండా నిలబడిపోయాడు. మూడు కౌగిళ్ళు కాదు, ముప్పై కౌగిళ్ళంతసేపు. జిలానీ ఆయన్ని కదిలించలేదు. ఆ మాట అతనికి చాలా బాగుంది. తను కుట్టినది వెచ్చగా ఉందని చెప్పిన మొదటి మనిషి ఆయనే.

వంద మంది అయ్యారు, రెండు వందలయ్యారు. మోచేతుల దగ్గర మడతలు పడుతున్నాయి. ముందు పడుతుంటే చూశాడు, తర్వాత చూడటం మరిచిపోయాడు. తోలు ఒంటి వేడికి మెత్తబడి, చప్పుడు తగ్గింది. చిన్నప్పుడు బడిలో చెవి మెలిపెట్టిన మాస్టారు వచ్చాడు, పక్కింటి గోడ గొడవ పెట్టుకున్నాయన వచ్చాడు. అందరినీ ఒకేలా పట్టుకున్నాడు. చేతులు లాగేస్తున్నాయి, ముఖం మాత్రం నవ్వి నవ్వి నొప్పెడుతోంది. ఇంత సంతోషంగా ఎప్పుడున్నానా అని తనకే అనుమానం వచ్చింది.

ఒక్కచోట మాత్రం ఇంకా కిర్రుమంటూనే ఉంది. రెండు చంకల కిందా. చేతులు భుజాలు దాటి పైకి లేవడం లేదు.

మైదానం ఖాళీ అయింది. గోడ పక్క రాయి మీద ఉస్తాద్ ఒక్కడే తస్బీ పూసలు తిప్పుకుంటూ కూర్చున్నాడు. అప్పుడు కనిపించాడు సుభాన్. తల వంచుకుని, గేటు వైపు రాకుండా, గోడ విరిగిన సందులోంచి బయటికి పోతున్నాడు.

పోనిస్తే పోతాడు. గేటులోంచి పోలేదు కాబట్టి లెక్కలోకి రాడు అని కూడా అనుకున్నాడు జిలానీ. ఉస్తాద్ వైపు చూశాడు. ఆయన ఇటు చూడటమే లేదు.

"సుభాన్" అని పిలిచాడు.

సుభాన్ ఆగాడు. మెల్లగా వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. జిలానీకన్నా జానెడు పొడుగు. అతని మెడ చుట్టూ చేతులు వేయాలంటే పైకెత్తాలి. జిలానీ ఎత్తాడు. జాకెట్ పట్టుకుంది. ఇంకాస్త ఎత్తాడు.

కుడి చంక కింద టర్రుమని కుట్టు తెగింది.

ఖాళీ మైదానంలో ఆ చప్పుడు గోడ దాకా వినిపించింది. ఏడాది కష్టం. అయినా జిలానీ చేతులు దించలేదు. చిత్రమేమిటంటే, పొద్దున్నుంచి మొదటిసారి అతని చేయి మనిషి చుట్టూ పూర్తిగా తిరిగింది.

"చిరిగింది రా" అన్నాడు సుభాన్ చెవి దగ్గర.

"చిరగనీ" అన్నాడు జిలానీ.

ఐదు నెలల తర్వాత వాళ్ళు మాట్లాడుకున్న మొదటి మాటలు అవి. మూడుసార్లతో ఆపాల్సింది, ఎన్నిసార్లు కౌగిలించుకున్నారో ఇద్దరికీ గుర్తు లేదు.

ముగ్గురూ ఉస్తాద్ ఇంటికి వచ్చారు. ఉస్తాద్ భార్య గిన్నెల్లో షీర్ ఖుర్మా పోసి పెట్టింది. జిలానీ జాకెట్ విప్పి ఉస్తాద్ ముందు పెట్టాడు. దాని మీద అత్తరు ఉంది, పాయసం ఉంది, గనీ చేతుల జిడ్డు ఉంది, ఎవరివో రెండు మూడు కన్నీటి చుక్కలు కూడా ఉన్నాయి. ఉస్తాద్ ముందుగా పొడిగుడ్డ తీసుకుని అన్నీ నిదానంగా తుడిచాడు. అప్పుడు చిరుగులో రెండు వేళ్ళు పెట్టాడు.

"ఇక్కడ ఎంత వదిలినావు?"

"ఏమీ వదల్లేదు ఉస్తాద్. ముడత పడితే అందం పోతాదని బిగించి కుట్టినాను."

ఉస్తాద్ లేచి లోపలికి వెళ్ళాడు. తిరిగొచ్చి జిలానీ ముందు ఒక ఆరె పెట్టాడు. కొయ్యపిడి నున్నగా అరిగి, బొటనవేలు ఆనే చోట గుంట పడి ఉంది.

జిలానీ దాన్ని ముట్టుకోలేదు. "జాకెట్ చిరిగింది గదా ఉస్తాద్."

"చిరక్కపోతే దీంతో పనేముండాది?"

సుభాన్ గట్టిగా నవ్వేశాడు. జిలానీకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అతనూ నవ్వాడు. అదే బెల్లం రంగు తోలు ముక్క కోసం పాత గోనెసంచి తిరగేశారు. దొరికిన ముక్కను పతంగిలా నాలుగు మూలలుగా కోసి, చంక కింద అతికి, ఆరెతో బెజ్జాలు వేశాడు జిలానీ. అటువైపు తోలును సుభాన్ బిగించి పట్టుకున్నాడు. మధ్యలో కత్తెర కావలసి వచ్చింది. "సుభాన్, కత్తెర" అన్నాడు జిలానీ. గోడకు ఆనుకుని ఖుర్మా తాగుతున్న ఉస్తాద్ గిన్నెలోకి చూసి నవ్వుకున్నాడు.

రెండో చంకనూ విప్పి అలాగే వేసేసరికి మధ్యాహ్నం దాటింది.

"తొడుక్కో" అన్నాడు ఉస్తాద్ లేచి నిలబడి. "నాది మిగిలిపోయింది గదా."

జిలానీ చేతులు చాచాడు. ఎంత కావాలంటే అంత లేచాయి. ఉస్తాద్ వచ్చి అతని గుండెకు గుండె ఆనించాడు. జాకెట్ చప్పుడు చేయలేదు.

ఆ కౌగిలిలో జిలానీ చేయి ఉస్తాద్ చంక కిందికి పోయింది. ఎనిమిదేళ్ళుగా చూస్తున్న ఆ నల్ల జాకెట్‌కు, ఎవరికీ కనబడని ఆ చోట, వేళ్ళకు ఒక అతుకు తగిలింది. నాలుగు మూలల ముక్క. చాలా పాతది.